ఎర్ర రొయ్యల చిన్నాయన

పోయిన గురువారం పొద్దున కోవిల్‌పట్టిలో పనికి వెళ్ళే బస్సు ఎక్కబోతుంటే ఫోనొచ్చింది. విరుదునగర్‌లో మా చిన్నాయన పోయారట. మా నాన్నకి తమ్ముడాయన. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే వెనక్కి వాలారట. మంచాన పడలేదు, ఎవరిచేతా సేవ చేయించుకోలేదు. మనిషి తీరే అంత. ఎవరికీ పని పెట్టడం ఆయనకి చేతకాదు. ఎక్కబోయిన బస్సు వదిలేసి విరుదునగర్ బస్సెక్కాను.

ఆయన రోజూ శివకాశి వెళ్ళి ఒక ప్రెస్సులో రంగులు చూసే పని చేసేవారు. క్యాలెండరు మీద అమ్మవారి చీర ఎరుపు వీసమెత్తు తగ్గినా మిషను ఆపించేవారు. చదువంతా అరవంలోనే కాబట్టి మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడటమే గాని చదవడం ఎవరికీ రాదు. ఆంధ్రాకి వెళ్ళే క్యాలెండర్లు చూసి చూసి ఆయన అక్షరాలు పట్టేశారు, పట్టుకొచ్చి నాకు నేర్పారు. ఈ నాలుగు ముక్కలు నేను రాయగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష.

రెండువేల సంవత్సరం దాటిన రోజుల్లో కాలేజీ చదువు కోసం నేను మూడేళ్ళు వాళ్ళింట్లోనే ఉన్నాను. నేను చేరిన కొత్తలోనే మద్రాసు స్నేహితుడొకరు ఆయనకి గాజుతొట్టిలో పెంచుకునే మంచినీటి రొయ్యలు ఓ పది పంపించారు. గోరంత ఉన్నాయి. ఒళ్ళంతా లేత ఎరుపు చుక్కలు. చిన్నమ్మ సంచిలోకి తొంగి చూసి, "ఏమిటికివి? వేయించేకా?" అని అడిగింది.

"చూసేకి," అన్నారు చిన్నాయన.

చూడటమంటే మామూలు చూపు కాదు. ఆదివారం వచ్చిందంటే తొట్టి వెనక తెల్లకాగితం అంటించి, ప్రెస్సులో వాడే భూతద్దం పట్టుకుని ఒక్కొక్క రొయ్యనీ పరీక్ష చేసేవారు. ఎరుపు బాగా పట్టినవి తొట్టిలో ఉండేవి. వెలిసినట్టున్నవి పెరట్లో సిమెంటు తొట్టిలోకి వెళ్ళేవి. వాటికీ గాజుతొట్టిలో వాటితో సమానంగా ఉడికించిన మునగాకు, ఎండిన బాదం ఆకు అందేవి. ఆడరొయ్య కడుపు కింద గుడ్లు పెట్టుకుని కాళ్ళతో విసురుకుంటూ తిరిగితే, నెల తిరిగేదాకా రేడియో గొంతు కూడా తగ్గించేవారు. ఎండాకాలం ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ తొట్టి నీళ్ళ మీదికి తిరిగి ఉండేది. "నేనూ రొయ్యగా పుట్టుంటే గాలి తగిలుండేది," అని చిన్నమ్మ చీరచెంగుతో విసురుకునేది.

కుళాయి నీళ్ళు వారానికొకసారి వచ్చినా గొప్పే. వచ్చిన నీళ్ళని బ్లీచింగ్ వాసన పోయేదాకా రెండు రోజులు ప్లాస్టిక్ డ్రమ్ములో ఉంచి గాని పోసేవారు కాదు. "కొత్త నీళ్ళు కొత్తల్లుడు మాదిరి పాపా. రెండు దినాలు పోతేగాని గుణం బయటపడదు," అనేవారు. మూడో ఏడు వచ్చేసరికి ఆ తొట్టిలో కాళ్ళ చివరిదాకా ఎరుపెక్కిన సంతతి తయారైంది. మద్రాసు స్నేహితుడు ఫొటో చూసి అడిగితే, ఇంకో రెండు కాన్పులు నిలవనీ, పంపిస్తానన్నారు. అంత గర్వంగా ఆయన మరి దేని గురించీ మాట్లాడగా నేను వినలేదు.

ఆ సంతతిని చంపింది నేను.

చిన్నమ్మ విళాత్తికుళంలో పెళ్ళికి వెళ్ళింది. చిన్నాయన పనిలో ఉన్నారు. ఎండకి తొట్టి నీళ్ళు జానెడు దిగిపోయాయి, డ్రమ్ము అడుగంటింది. వంటింట్లో రాగి బిందె ఉంది. చింతపండుతో తళతళా తోమి ముందురోజు నింపిన నీళ్ళు. మా ఇళ్ళల్లో చుట్టాలొచ్చినా ఒంట్లో బాగోకపోయినా ఆ నీళ్ళే ఇస్తాం. నోరులేని జీవాలకి ఇంట్లో ఉన్నవాటిలో మంచివి పోద్దామని, చెంబుతో ముంచి తొట్టి నిండా పోశాను. పుణ్యం చేశానని కూడా అనుకున్నాను. మధ్యాహ్నానికి రొయ్యలు పిచ్చెత్తినట్టు అద్దాలకి కొట్టుకున్నాయి. తర్వాత ఒక్కొక్కటీ పక్కకి ఒరిగింది. చిన్నాయన వచ్చేసరికి అన్నీ తెల్లబారి అడుగున పడి ఉన్నాయి.

ఆయన గొంతు పెంచలేదు. "ఏ నీళ్ళు పోసినావు పాపా?"

"రాగి బిందెవి చిన్నాయనా. మంచివని..."

వీధి చివర ఫోను బూత్‌కి వెళ్ళి మద్రాసుకి మాట్లాడి వచ్చారు. "రాగి వీటికి ఆగదంట. మనకి మందు, వీటికి విషం. ఇన్ని దినాలు పెంచిన నాకే తెలీదే, నీకెట్ల తెలుస్తాది?" అన్నారు. నేను వెక్కుతూనే ఉన్నాను. కాసేపు చూసి నా చేతిలో వల పెట్టారు. "ఏడ్చింది చాలు. రా, ఒకటన్నా ఉండాదేమో చూస్తాము."

ఒక్కటీ లేదు. చచ్చినవాటిని తీస్తూ ఆయన ఒకసారి కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను చూడనట్టు ఉండిపోయాను. ఆ వారమంతా తొట్టి కడిగి ఎండబెట్టి, ఇసక మార్చి, పెరటి తొట్టిలోంచి రంగు వెలిసిన రొయ్యల్ని తెచ్చి అందులో వదిలారు. రెండేళ్ళు ఏరి పక్కన పెట్టినవాటితోనే మళ్ళీ మొదలు! "రంగు లోపల ఉండాది. బయటికి వచ్చేకి పొద్దు పడతాది, అంతే," అన్నారు. నేనైతే అలా చేసినవాళ్ళతో ఏడాది మాట్లాడేదాన్ని కాదు. నా కోపం సంగతి నాకు తెలుసు. ఆయన మర్నాడు పొద్దున నాకు కాఫీ కలిపిచ్చారు.

ఇన్నేళ్ళూ ఆ సంగతి అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. గురువారం సాయంత్రం, అన్నీ అయ్యాక, చాపల మీద కూర్చుని ఉన్నాం. ప్రెస్సులో ఆయన దగ్గర పని నేర్చుకున్నాయన ఒకరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "మేము రంగు తప్పి కాగితం పాడుచేసి తల వంచుకుంటే అన్న తిట్టేవాడు కాదు. నేను రాగి నీళ్ళు పోసి నా రొయ్యల్నే చంపుకొంటిని, నీది ఎంతరా తప్పు, అనేవాడు."

అందరూ నవ్వారు. పదిమందిలో ఆ తప్పు తన నెత్తిన వేసుకుని తిరిగారు ఆయన, నాకు ఒక్క మాటైనా తెలియనివ్వకుండా. అందరూ లేచి వెళ్ళాక చిన్నమ్మ పక్కన కూర్చుని, "ఆ నీళ్ళు పోసింది నేను," అని చెప్పేశాను.

"నాకి తెలుసును," అంది చిన్నమ్మ. "ఊరినించి వచ్చి చూస్తే బిందె సగానికి దిగి ఉండె. ఆయన ఎప్పుడూ కుండ నీళ్ళే కదా తాగేది, బిందె జోలికే పోడు. తానే పోసినానని ఆయన చెప్పె. సరి, అట్లే ఉండనీ అనుకొంటి."

ఇద్దరం తొట్టి వైపు చూశాం. ఆ రోజు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నీళ్ళు నాలుగు వేళ్ళు దిగి ఉన్నాయి. లోపల ఎర్రగా, కాళ్ళ చివరిదాకా ఎర్రగా, రొయ్యలు నాచు పీక్కుంటున్నాయి. చిన్నమ్మ లేచి పెరట్లోంచి ప్లాస్టిక్ బకెట్‌తో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఆయన పట్టి పెట్టినవే. పొయ్," అంది.

మగ్గు ముంచి, తొట్టి అంచుదాకా తెచ్చి ఆపాను. చిన్నమ్మ మగ్గు అడుగున తన చెయ్యి ఆనించింది. ఇద్దరం అద్దం వెంబడి సన్నటి ధారగా పోశాం. గుడ్లున్న రొయ్య ఒకటి ఆ ధార దగ్గరికి వచ్చి ఆగి, కడుపు కింద కాళ్ళు విసురుకుంటూ నిలబడింది. తొట్టి నిండేదాకా చిన్నమ్మ చెయ్యి తియ్యలేదు.