దిగకముందే వచ్చిన ఫోను

దెయ్యాలు, ఆత్మలు అంటూ ఎవరైనా మొదలుపెడితే నవ్వేసి లేచిపోయే మనిషిని నేను. కోడూరులో లెక్కల టీచరుగా చేశాను. అలాంటివి ఇప్పటికీ నమ్మను. కానీ తొంభైల చివర్లో జరిగిన ఈ ఒక్కటి మాత్రం ఎన్నిసార్లు వేసుకున్నా లెక్క తేలలేదు.

మా తమ్ముడు సుధాకర్ డ్రైవరు పని మీద కువైట్ బయల్దేరాడు. వాడి భార్య కరుణ నిండు మనిషి. వీసా గడువు దగ్గరపడింది, కాన్పు దాకా ఆగడానికి లేదు. ఆ అమ్మాయికి విమానమంటే చచ్చేంత భయం.

"బొంబాయి నుంచి రెండువేల ఏడొందల కిలోమీటర్లేనే. నాలుగు గంటల్లో దిగిపోతాను. దిగ్గానే మనూరి బూత్‌కి ఫోన్ చేస్తాగా" అని వాడు ధైర్యం చెప్పి వెళ్లాడు.

తీరా వాడు విమానం ఎక్కే రోజు తెల్లారేసరికే కరుణకు నొప్పులు మొదలయ్యాయి. జీపులో బందరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆ సంగతి వాడికి చెప్పే దారి లేదు. సెల్‌ఫోన్లు అప్పటికి మా దాకా రాలేదు.

కాన్పు కష్టమైంది. నర్సు ఎంత చెప్పినా కరుణ ఒళ్లు బిగబట్టుకునే ఉంది. "వదినా, ఆయన దిగారా?" ఎంతసేపూ అదే మాట. దిగాడని అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను.

అప్పుడు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ ఆయన రోడ్డు దాటి వచ్చాడు. "కోడూరు సువర్ణ గారెవరండీ? మీకు ఫోనండీ."

ఆయన్ని నేను అంతకుముందు చూడనైనా లేదు.

లైన్లో ఒకటే హోరు. దాని మధ్య నుంచి సుధాకర్ గొంతు. "అక్కా, దిగిపోయాను. కరుణకి చెప్పు." అంతే, కట్టయింది.

పరుగున వెళ్లి చెప్పాను. కరుణ భోరుమని ఏడ్చింది. ఒళ్లు వదులైంది. కాసేపటికే ఆడపిల్ల పుట్టింది.

సాయంత్రానికి గానీ నాకు అనుమానం రాలేదు. పదింటికి లేవాల్సిన విమానం. ఫోను వచ్చింది పన్నెండు కొట్టకముందు. కువైట్ గడియారం మనకంటే వెనక కదా అని సరిపెట్టుకోబోయాను. కానీ నేను చూసింది బందరు గడియారం.

మర్నాడు బట్టల కోసం కోడూరు వెళ్తే మా ఊరి బూత్ వాళ్లు కేకేశారు. సుధాకర్ లైన్లో ఉన్నాడు.

"అక్కా, ఇప్పుడే దిగాను. నిన్న సగం దూరం వెళ్లాక ఏదో చెడిందని విమానాన్ని మళ్లీ బొంబాయికే తిప్పేశారు. నేల మీద వాలేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాం. ఇవాళ వేరేదాంట్లో పంపారు. కరుణ కంగారుపడుతోందా?"

"నిన్న బందరుకి ఫోన్ చేశావుగా!"

"బందరేంటి? బందర్లో మీకేం పనక్కా?"

కూతురు పుట్టిందని అప్పుడు చెప్పాను.

బందరు బూత్ ఆయన్ని తర్వాత అడిగాను. "మగ గొంతండీ. మీ ఊరూ పేరూ చెప్పి పిలవమన్నారు" అన్నాడు. సెలవుకొచ్చినప్పుడు సుధాకర్‌నీ అడిగాను, ఆ వేళకి ఏం చేస్తున్నావని.

"గాల్లో ఉన్నానక్కా. దిగిపోయానని నీకు ఫోన్ చేస్తున్నట్టు మనసులో అనుకుంటూ కూర్చున్నాను. ఇంకేం చేయను?"

విమానం వెనక్కి తిరిగిన సంగతి మేమిద్దరం కరుణకు చెప్పలేదు. "మీ నాన్న దిగానని ఫోన్ చేశాకే నువ్వు పుట్టావే" అని కూతురితో ఇప్పటికీ అంటుంటుంది. పక్కనే ఉన్నా నేను సరిదిద్దను. ఏమని సరిదిద్దాలో నాకు తెలిస్తేగా.