చాచా వదిలిన వైరు చుట్ట

మా వాడకట్టు కేబుల్ చాచా పోయాడు. మొన్న, జగిత్యాల ఆసుపత్రిలో. కోరుట్ల నుంచి ఫోన్ చేసిన అమ్మ "చాచా లేడు బిడ్డా" అని ఫోను పెట్టేసింది. ఆయన పోతే మా అమ్మకు అన్న పోయినట్టే.

టీవీ వైరులోనే ఇంటర్నెట్టూ ఫోనూ వస్తాయని మా వాడలో మొదట చెప్పింది ఆయనే. సిరిసిల్లలో మా అక్క అత్తగారింట్లో బిగించి, మా ఇంటికి వచ్చాడు. నేల మీద తువ్వాల పరిచి సామాను వరసగా పేర్చాడు: స్తంభం నుంచి వచ్చే వైరు, దాన్ని టీవీకీ నెట్టుకూ పంచే చిన్న బిళ్ల, మోడెం, అడాప్టర్ పెట్టె, మామూలు ఫోను.

"ఫోను సీదా మోడెంకు పెడితే పలుకది చెల్లె. నడుమ గీ పెట్టె ఉండాలె. నీ మాట నెట్టుకు తెలిసేటట్టు జేసేది ఇదే" అని అమ్మకు చెప్పాడు.

ఫోను వైరు మాత్రం కావలసినదానికి ఎంతో ఎక్కువ తెచ్చి, మిగిలింది చుట్టి కిటికీ పక్క మేకుకు తగిలించాడు. ఎవరింట్లోనైనా ఆయన పద్ధతి అదే. "గింత వైరు దండగ గాదా చాచా?" అని నేను నోరు పారేసుకున్నాను.

"ఎక్కువైతే చుట్టి పెట్టుకుంటవ్. తక్కువైతే ఏడికెల్లి తెస్తవ్?"

ఇక మా అమ్మ సంగతి. దసరాకు మోడెంకు బొట్టు పెట్టి, దుమ్ము పడుతుందని రెండు పెట్టెల మీదా రవిక గుడ్డ కప్పింది. అవి వేడెక్కి ఆగిపోయాయి. చాచా వచ్చి గుడ్డ ఎత్తి చూసి నవ్వాడూ, ఒక నవ్వు కాదు! "బొట్టు పెట్టుకో చెల్లె, నేనేమన. బట్ట కప్పకు. దానికి గూడ ఊపిరాడాలె." అమ్మ తలూపేది. ఆయన గడప దాటగానే మళ్లీ కప్పేది. మొండిమనిషి.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. డాక్టరు ప్రయాణం వద్దనడంతో అక్కకు సిరిసిల్లలోనే కాన్పయింది. ఇరవై ఒకటో రోజు పాపను ఉయ్యాలలో, అదే తొట్టెలలో, వెయ్యాలి. తొట్టెల తీసుకుపోవలసింది పుట్టింటివాళ్లే. అమ్మ కొని సిద్ధంగా పెట్టుకుంది. ఆ రోజే బంద్. బస్సుల్లేవు, రోడ్ల మీదే వంటావార్పు. సెల్లుకు సిగ్నల్ లేదు. పోనీ ఇంటి ఫోనులోనైనా జోలపాట పాడదామంటే పొద్దున్నే కరెంటు పోయింది. మొదటి మనవరాలి తొట్టెలకు తన గొంతు కూడా చేరదని అమ్మ పొయ్యి దగ్గర కూచుని ఏడ్చింది.

నేను చాచా ఆఫీసుకు పరుగెత్తాను. అక్కడ కేబుల్ లైన్లకొక బ్యాటరీ, టీవీకొక బ్యాటరీ ఉండేవి. వాడకట్టంతా టీవీ ముందు ఉద్యమ వార్తలు చూస్తోంది. అందరికన్నా ముందు మెడలో కండువాతో చాచా! నా మాట విని లేచి టీవీ కట్టేశాడు. ఒకటే గోల.

"ఏంది చాచా, ఢిల్లీల ఏం తేలుస్తరో సూడొద్దా?"

"తెలంగాణ గియ్యాల రాకుంటె రేపస్తది. పిల్ల తొట్టెల రేపుంటదా? జరుగుండ్రి!"

టీవీ బ్యాటరీ, ఇన్వర్టరు తోపుడుబండి మీద మా ఇంటికి వచ్చాయి. ఫోను పలికింది. సిరిసిల్లలో కరెంటుంది, అక్క ఎత్తింది. అమ్మ మాత్రం ఫోను పట్టుకుని బిగుసుకుపోయింది. "తొట్టెల ఊపకుంటె నాకు పాట రాదన్నా!"

చాచా లోపలి అర్రలో దూలానికి తొట్టెల కట్టాడు. మేకు మీది చుట్ట విప్పుకుంటూ ఫోనుతో లోపలికి నడిచాడు. వైరు తొట్టెల దాకా అందింది. ఖాళీ తొట్టెల ఊపకూడదు కదా, అమ్మ మోడెం మీది గుడ్డ లాగి, అందులో రోటి పొత్రాన్ని చుట్టి పడుకోబెట్టింది.

"ఇన్నాళ్లకు తీసినవ్ చెల్లె!" అన్నాడు చాచా.

అమ్మ పొత్రాన్ని ఊపుతూ పాడింది. అక్కడ అక్క ఫోను పాప చెవి దగ్గర పెట్టింది. పాప కేరుమంది. "అందింది పో!" అంటూ చాచా కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఆయన ముఖం అలాగే గుర్తుంది.

ఇప్పుడు ఆ ఫోను పలకదు. అమ్మ దేన్నీ తియ్యనివ్వలేదు. నేను ఊరొచ్చి, ఇద్దరం చాచా అంత్యక్రియలకు పోయి ఇంటికి వచ్చాక, అమ్మ కిటికీ దగ్గరికి వెళ్లి, మేకు మీది చుట్టకు దుమ్ము తుడిచింది. పెట్టెల మీది గుడ్డ తీసి, మడిచి పక్కన పెట్టింది.

"ఊపిరాడాలె అన్నడు గదనే. నేనే ఇనకపోతి."