బాబాయి పెట్టిన బూట్ ఆర్డరు

బాబాయికి ముందుండటమంటే చచ్చేంత మొహమాటం. "ముందు మీరు" అన్నది ఆయన ఊతపదం. కవలల్లో రెండోవాడు, కడుపులో కూడా అన్నగారితో "ముందు నువ్వు" అనే ఉంటాడని ఇంట్లో అందరి అనుమానం. ఆ అన్నగారి కూతురికైతే అనుమానం కూడా లేదు, ఖాయమే అంటుంది.

లిఫ్టులోకి అందరినీ ఎక్కించి, తాను మెట్లెక్కి వస్తాడు. క్షవరానికి వెళ్లి, వచ్చినవాళ్లందరినీ కుర్చీ ఎక్కించి, షాపు మూశాక అదే జుట్టుతో తిరిగొస్తాడు.

"ఇవాళ కూడానా బాబాయ్?"

"పాపం, వాళ్లకేవో పనులున్నాయే."

ఈ బుద్ధే హాల్లోని కంప్యూటరుకీ అంటించాడు, లేవగానే అది దేన్ని ముందు చూడాలో చెప్పే బూట్ ఆర్డరు మార్చి. స్విచ్చి వేయగానే అది ముందు సీడీ ట్రేని గరగరలాడించి, తర్వాత పెన్‌డ్రైవ్ ఉందేమో వెతికి, ఎవరూ లేరని తేలాక ఉసూరుమంటూ సొంత హార్డ్‌డిస్కు దగ్గరికొస్తుంది.

"సొంత డిస్కుని ఆఖర్న పెడతారా ఎవరైనా?"

"ఇంట్లోవాళ్లం ఎక్కడికి పోతామే? బయటినుంచి వచ్చినవాళ్లు ముందు."

ఒకరోజు పాటల పెన్‌డ్రైవ్ దానికే ఉండిపోయింది. కంప్యూటరు ఆ పాటల్లో ఏదో వెతుక్కుంటూ నల్లతెర వేసుకు కూర్చుంది. అమ్మాయికి అందులోనే జరగాల్సిన ఆన్‌లైన్ ఉద్యోగం ఇంటర్వ్యూ ఆలస్యమైంది. ఒళ్లు మండి, సెట్టింగుల్లోకి వెళ్లి హార్డ్‌డిస్కుని మొదటికి తెచ్చేసింది. బాబాయికి చెప్పనైనా లేదు.

పైవాటాలో ఉండే దర్జీ అత్తయ్య రోజూ పొద్దున్నే వచ్చి ఆ కంప్యూటరు దగ్గర కాసేపు పనిచేసుకుంటుంది. మర్నాడు మాత్రం ఇలా కూర్చుని అలా లేచింది.

"అప్పుడే అయిపోయిందా అత్తయ్యా?"

"లేదమ్మా. ఇవాళ మీ కంప్యూటరు నన్ను గుర్తుపట్టలేదు. మీ పాస్‌వర్డు అడుగుతోంది. మీకిబ్బందైతే చెప్పొచ్చుగా, నేనేమీ అనుకోను."

అనుకోనన్న మనిషి చరచరా మెట్లెక్కి వెళ్లిపోయింది.

సంగతి విని బాబాయి నెత్తి పట్టుకున్నాడు.

"ఎంత పని చేశావే! ఆవిడ కంప్యూటరు పాడైంది. బడి పిల్లల చొక్కాల బ్యాడ్జీల డిజైన్లు ఈ సాయంత్రానికి ఇవ్వకపోతే ఆ పని ఇంకో షాపుకి పోతుంది. సాయమంటే ఒప్పుకునే మనిషి కాదు. అందుకే ఆవిడ కంప్యూటరు మొత్తం ఓ పెన్‌డ్రైవ్‌లో పెట్టిచ్చాను. అది గుచ్చి స్విచ్చి వేస్తే ఆవిడ తెరే వస్తుంది. రోజూ మనల్ని పాస్‌వర్డు కొట్టమని అడగక్కర్లేదు."

అమ్మాయికి సిగ్గేసింది. బాబాయి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

"మరి సీడీ ఎందుకు బాబాయ్ అందరికన్నా ముందు?"

"వయసులో పెద్దది కదే!"

గబగబా పాత వరస పెట్టేసి పైకి పరుగెత్తింది.

"తప్పు నాదే అత్తయ్యా. వరస మార్చింది నేను. రండి."

బతిమాలి కిందికి తీసుకొచ్చేసరికి గుమ్మంలో బాబాయి.

"ముందు మీరు, చెల్లెమ్మా."

"మీ ఇల్లు, ముందు మీరే అన్నయ్యగారూ."

"అబ్బే, మీరు."

"సాయంత్రమైపోతుంది, ఎవరో ఒకరు కదలండి!" అని అరిచింది అమ్మాయి.

"సరే, ముందు నేనే!" అని అత్తయ్య నవ్వుతూ లోపలికెళ్లి పెన్‌డ్రైవ్ గుచ్చింది. సీడీ ట్రే పెద్దరికంగా గరగరలాడింది. తర్వాత ఆవిడ తెర వచ్చింది.

బాబాయి గుమ్మం పక్కకి ఒదిగాడు. "నువ్వు పదవే."

అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడింది. "ఇవాళ మాత్రం ముందు నువ్వే బాబాయ్."

వాళ్లిద్దరూ గుమ్మంలో ఉండగానే లోపల బ్యాడ్జీల పని పూర్తయిపోయింది.