సూర్యుని మీద వేసిన నింద

తెలకపల్లిలో కేబుల్ టీవీ నడిపే బాలస్వామి, భుజాన వైరు చుట్ట లేకుండా గడప దాటడు. బొమ్మ ఆగిందని ఎవరన్నా అడిగితే ముందు మెడ గోక్కుంటాడు, తర్వాత ఆకాశం దిక్కు చూస్తాడు. తప్పు తనదని చెప్పడం మాత్రం ఆయన నోటికి అలవాటు లేదు. మొన్న ఎండాకాలంలో నిచ్చెన జరుపుతూ డిష్‌ను తానే గుద్ది పక్కకు తిప్పేశాడు. ఊరంతా బొమ్మ పోయింది. జనం నిలదీస్తే, పొద్దున ఫోన్లో చదివింది అక్కరకొచ్చింది. "సూర్యుని మీద అయస్కాంత గీతలు మెలిపడి తెగినయంట. మంటలు ఎగిసినయి. ఆ దెబ్బ మన డిష్‌కు తాకింది," అన్నాడు. చదివింది నిజమే. డిష్‌కు తాకింది మాత్రం నిచ్చెన.

మరునాడు కూలికి పోయే మణెమ్మ ఇంట్లో వైరు సరిచేయడానికి వెళ్లాడు. రేకుల ఇల్లు, కిటికీకి దుప్పటి. లోపల నెలలు నిండిన కోడలు చెమటలో తడిసి, గోడకానుకొని రొప్పుతోంది. "సూర్యుని మంటలు ఆరినయా తమ్మీ? పిల్లను నాగర్‌కర్నూల్ దవాఖానకు తోల్కపోవాలె. బయటికి తీయాలంటే భయమైతుంది," అన్నది మణెమ్మ. బాలస్వామి భుజాన ఉన్న వైరు చుట్ట దించి కింద పెట్టాడు. "నేను చెప్పింది అబద్ధమక్కా. డిష్‌ను నేనే గుద్దిన. ఆ మంటలతోని మనకేం కాదు, ఇప్పుడే తోల్కపో." ఆమె అతని మొహంలోకి చూసి కళ్లు తుడుచుకుంది. "మేం పరేషాన్ కావొద్దని తప్పు నీ మీదేసుకుంటున్నవ్. నీది మంచి మనసు తమ్మీ." బాలస్వామి ఆటోకు ఫోన్ చేశాడు. తల మీది తువ్వాల తీసి, ఆటో వచ్చేదాకా వాళ్లకు కనబడేటట్టు వాకిట్లో ఎండలో నిలబడ్డాడు.