ఎర్రగుడ్డ కట్టిన జాకెట్

జాకెట్ల మేస్త్రీ పోయాడని నాకు నాలుగో రోజున తెలిసింది. మధిరలో మా వీధి చివరి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ వచ్చింది. అవతల దుమ్ముగూడెంలో మాతో పనిచేసినతను. "మలేరియా అన్నా. భద్రాచలం దవాఖానాకు తెచ్చేసరికే అయిపోయింది" అన్నాడు. ఫోన్ కుడి చెవికి మార్చుకుని మళ్లీ చెప్పమన్నాను. నా ఎడమ చెవి వినపడదు. దాంతోపాటే మేస్త్రీ పరువు కూడా పోయింది. నా చెవి తీసింది ఇనుప దూలం. ఆయన పరువు తీసింది నేను.

గోదావరిలో కట్టిన బావి నుంచి చుట్టుపక్కల పల్లెలకు తాగునీళ్లు పోయేవి. వరదకు కొట్టుకొచ్చిన మొద్దులు, బురద అడుగున బావిలోకి నీళ్లొచ్చే జాలీలకు పట్టేసేవి. వీపున సిలిండర్ కట్టుకుని దిగి వాటిని తీయడం మా పని. ఒక కంట్రాక్టరు కింద నలుగురం. దిగేవాడు గాలి జాకెట్ తొడుక్కోవాలి. ఒక బటన్ నొక్కితే సిలిండర్ గాలి జాకెట్‌లోకి వచ్చి మనిషి పైకి తేలుతాడు. ఇంకోటి నొక్కితే గాలి పోయి మునుగుతాడు. ఆ జాకెట్ల బాగోగులు చూసేవాడు మేస్త్రీ. అంతకుముందు ఊళ్లో పంపుసెట్లు బాగుచేసుకునే మనిషి. కంట్రాక్టరు ఆయన్ను వైజాగ్ పంపి ఈ పని నేర్పించాడు.

మేం పైకి రాగానే టీ కంటే ముందు జాకెట్ అడిగేవాడు. లోపలికి మంచినీళ్లు పోసి, బిడ్డకు స్నానం చేయించినట్టు అటూ ఇటూ కదిపి ఒంపేవాడు. బురద నీళ్లు పోయి తేటనీళ్లు వచ్చేదాకా అదే పని. బటన్లు విప్పి పాత పళ్ల బ్రష్‌తో ఇసుక రేణువులు దులిపేవాడు. ఒకసారి నేను వాసెలిన్ అందిస్తే చెయ్యి వెనక్కి నెట్టాడు. "అది రబ్బరును తింటది తమ్మీ. దీని గ్రీజు వేరే ఉంటది." తర్వాత గాలి నింపి, ఎండ తగలకుండా రేకుల షెడ్డులో వేలాడదీసి, మర్నాడు బొటనవేలితో నొక్కి చూసేవాడు. ఏమాత్రం మెత్తబడినా సబ్బునీళ్ల తొట్టిలో ముంచేవాడు.

"మనిషి అబద్ధం చెప్తడు. నీళ్లు చెప్పవ్. బుడగొచ్చిందంటే లీకున్నట్టే" అనేవాడు. అప్పట్లో నవ్వేవాణ్ణి.

ఆ వానాకాలం ఒక జాకెట్ బటన్ నొక్కితే లోపలే ఇరుక్కుపోవడం మొదలైంది. కొత్త స్ప్రింగు కావాలని మేస్త్రీ మూడుసార్లు అడిగాడు. రాలేదు. ఆయన జాకెట్ భుజం పట్టీకి ఎర్రగుడ్డ ముడివేసి, రిజిస్టర్‌లో రాశాడు: 'బటన్ పట్టుకుంటంది. దిగొద్దు.'

రెండు రోజులకు జాలీలు పూర్తిగా మూసుకుపోయాయి. మర్నాడు పెద్దాఫీసరు వస్తున్నాడు. మంచి జాకెట్లు రెండూ వేరే పనికి వెళ్లాయి. కంట్రాక్టరు పెట్టిన సూపర్‌వైజర్ వచ్చి ఆ ఎర్రగుడ్డ విప్పి జేబులో పెట్టుకున్నాడు.

మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు. "సార్, గది వద్దు. గాలి ఆగకుంట నిండితే మనిషి రాయి లెక్క పైకి తన్నుకొస్తడు. పైన ఇనుప దూలాలున్నయ్."

"నీ పని చెప్పడం కాదు, రిపేర్ చేయడం" అని సూపర్‌వైజర్ నావైపు తిరిగాడు. "ఏం, దిగుతవా, ఇంకోణ్ణి పిలవాల్నా?"

ఆ నెలలోనే నన్ను పర్మినెంట్ చేస్తామన్నారు. దిగుతానన్నాను.

మేస్త్రీ నా ముఖం చూడకుండానే పట్టీలు బిగించాడు. "బటన్ పట్టుకుంటే జాకెట్‌కొచ్చే గాలి పైపు పీకెయ్. జల్దీ పీకెయ్" అన్నాడు. నా నడుముకు తాడు కట్టి రెండో కొస తన చేతికి చుట్టుకున్నాడు.

అడుగున బటన్ పట్టుకుంది. జాకెట్ ఉబ్బి నా పక్కటెముకలు నొక్కేసింది. పైపు మాటే గుర్తు రాలేదు. దూలం తలకు తగిలిన చప్పుడే ఆ చెవితో నేను విన్న చివరి చప్పుడు. దూలాల మధ్య ఇరుక్కున్న నన్ను మేస్త్రీ తానే దిగి విడిపించి, తాడుతో పైకి లాగాడని తర్వాత తెలిసింది.

దవాఖానాలో సూపర్‌వైజర్ నా మంచం పక్కన కూర్చుని కాగితం పెట్టాడు. జాకెట్‌కు ఎర్రగుడ్డ లేదనీ, మేస్త్రీ బాగానే ఉందని ఇచ్చాడనీ రాసుంది. రిజిస్టర్‌లో ఆ పేజీ అప్పటికే లేదు. "ఉద్యోగం కావాల్నా వద్దా?" అన్నాడు. సంతకం పెట్టాను. మేస్త్రీని తీసేశారు. మనిషిని చంపబోయిన మెకానిక్ అని పేరు పడ్డాక ఊళ్లో పంపుసెట్టు కూడా ఎవరూ ఆయన చేతికి ఇవ్వలేదు. మిర్చి ఏరడానికి కూలికి పోయాడు. చెవిటివాడు నీళ్లలోకి పనికిరాడని మూడు నెలలకు నన్నూ పొమ్మన్నారు.

ఏడాది తర్వాత ఆయన ఇంటికి వెళ్లాను. దడి కడుతున్నాడు.

"చెవెట్లున్నది?"

"ఒకటి పోయింది మేస్త్రీ."

"ఇంకోటున్నది గద, ఇను. నువ్వు బతికినవ్, నాకు సంతోషమే. సంతకం పెట్టినవ్, నాకు కోపమే. రెండూ పొయ్యేటివి కావు. ఇగ మా ఇంటికి రాకు."

ఆయన బతికున్నంతకాలం ఆ మాట పాటించాను. ఫోన్ వచ్చిన మర్నాడు వెళ్లాను. పందిరి కింద పదిమంది ఉన్నారు. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి చెంబుతో నీళ్లు తెచ్చింది. "మా ఆయన నీళ్లల్లకెల్లి గుంజిన తమ్మివి నువ్వే గద? నీ గురించి ఒక్క చెడ్డ మాట అనలేదు" అంది. నా సంతకం సంగతి ఆమెకు తెలియదని అర్థమైంది.

చెంబు అందుకోలేకపోయాను. అందరికీ వినపడేలా చెప్పాను. "వదినా, మేస్త్రీ తప్పు లేదు. ఎర్రగుడ్డ కట్టిండు. నేను చూసిన. చూసి కూడ తొడుక్కున్న. కట్టలేదని సంతకం పెట్టింది నేనే."

మూల కూర్చున్న ముసలాయన, "ఇప్పుడు ఎవలకు చెప్తున్నవ్?" అన్నాడు.

ఆమె తిట్టలేదు. వెనక్కి తిరిగి, నాకోసం తెచ్చిన నీళ్లు చిక్కుడు పాదులో పోసి లోపలికి వెళ్లిపోయింది. ఎండిన మట్టి మీద ఆ నీళ్లు కొంతసేపు అలాగే నిలబడి, మెల్లగా ఇంకిపోయాయి.