డబ్బా పోయినందుకు నేను ఏడవలేదు

పోయిన ఆదివారం సాయంత్రం నేను పాతికమంది ముందు ముక్కు ఎగబీలుస్తూ ఏడ్చానని ఎవరైనా చెబితే నమ్మండి, నిజమే. ఎందుకు ఏడ్చానని వాళ్ళు చెబుతారో, అది మాత్రం నమ్మకండి. టీ చల్లారిపోతోంది, తాగుతూ వినండి.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతానా, బయట సైన్స్ ఫిక్షన్ చదువుతాను. రెండేళ్ళ కిందట గుంటూరులో పాత పుస్తకాల బండి దగ్గర తాడుతో కట్టిన ఐదు లావుపాటి ఇంగ్లీషు నవలలు దొరికాయి. సిరీస్ పేరు తెలుగులో చెప్పాలంటే 'తొమ్మిది లాంతర్లు'. నక్షత్రాల మధ్య ఓడలకి దారి చూపించే తొమ్మిది దీపస్తంభాలు, వాటిని కాపాడే ఒక కెప్టెనమ్మ, ఆవిడ వెంట సామాన్లు మోసే ఒక రోబో. దాని పేరు నోరు తిరగదు, నేను డబ్బా అంటాను. బిస్మిల్లా అనుకుని మొదటి పేజీ తెరిచాను. ఏ పుస్తకమైనా నాకు అదే అలవాటు, అది అంతరిక్షంలో యుద్ధమైనా సరే.

మూడో పుస్తకం వెనక అట్ట చూశాక గానీ తెలియలేదు, ఇదంతా ఒక వీడియో గేమ్ నుంచి పుట్టిన కథ అని! నేను ఆ గేమ్ ఒక్కరోజు కూడా ఆడలేదు. అయినా నాకు అభిప్రాయాలు లేకుండా పోతాయా? మొదటి రెండూ ఒకే రచయిత రాశాడు. శ్రద్ధగా రాశాడు, సైన్సు తెలిసినవాడు. రెండోదైతే బంగారం. మూడోది ఇంకెవరో రాశారు, కెప్టెనమ్మ కళ్ళ రంగు మారిపోయింది! అరవై పేజీల ఫైటింగు. చదువుతుంటే పక్కవాడు గేమ్ ఆడుతుంటే మనం వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. నాలుగోది పర్లేదు. ఐదోదాంట్లో డబ్బాని చంపేశారు. నాకు ఒళ్ళు మండింది.

మా టౌన్లో లైబ్రరీ మేడ మీద ప్రతి ఆదివారం మేం కొంతమందిమి కూర్చుని పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. వచ్చే నెలంతా కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి ఈ సిరీస్‌లో ఒక్క నవల చదివించాలని తీర్మానం. నేను రెండోది అన్నాను. పోస్టాఫీసులో పనిచేసే పద్మజ గారు ఐదోది అన్నారు. సరే, ఇద్దరూ వాదించండి, ఓట్లు వేసేద్దాం అన్నారు మిగతావాళ్ళు. ఇంతకుముందు రెండుసార్లు ఆవిడతో వాదించి రెండుసార్లూ ఓడిపోయాను. మూడోసారి కూడా ఓడిపోతే ఆ మేడ మెట్లు మళ్ళీ ఏ మొహంతో ఎక్కుతాను? అందుకని నాలుగు పేజీల నోట్సు రాసుకున్నాను. డబ్బాని నడిపించే బ్యాటరీ రెండు వేళ్ళంత ఉంటుందని రెండో పుస్తకంలోనే ఉంది. ఐదోదాంట్లో డబ్బా చేసినట్టు అంత బ్యాటరీ తీసి లాంతర్లో పెడితే, అది ఎంతసేపు వెలుగుతుందో లెక్క కూడా వేశాను. పైగా దాని జ్ఞాపకాలకి ఒక కాపీ ఓడలో ఉంది! అలాంటప్పుడు అది చావెలా అవుతుందండీ? ఇదీ నా పాయింటు.

ఆ ఆదివారమే మా ఇంట్లో ఏడాదికి సరిపడా కారం పట్టించే పని పెట్టుకున్నాం. పది కిలోల మిరపకాయలు డాబా మీద ఎండబెట్టి, కాయ కాయకీ ముచ్చిక తుంచాలి. మా ఆవిడ నూర్జహాన్ ఒక పక్క, నేను ఒక పక్క. నేను ముచ్చికలు తుంచుతూ నా ఉపన్యాసం ఆవిడకి వినిపిస్తున్నాను. మనిషి ఒక్కరున్నా నాకు సభే.

"చూడు నూర్జహాన్, ఆ చావు చదివి కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు ఎవరైనా ఉంటారా అసలు?"

"ఆ ముచ్చిక సరిగ్గా తుంచండి ముందు. సగం కాయలోనే ఉండిపోతోంది."

ఇంతలో సాయంత్రం అసర్ నమాజుకి పిలుపు వినిపించింది. గబగబా లేచాను. వెనక నుంచి ఆవిడ అరుస్తూనే ఉంది. "ఏవండీ! చేతులకి నూనె రాసుకుని, సబ్బుతో రెండుసార్లు కడుక్కోండి!"

పుట్టి పెరిగింది గుంటూరు జిల్లాలో. మిరపకాయ సంగతి నాకు చెప్పాలా? ఆ మాత్రం తెలియదా అనుకుంటూ మసీదుకి వెళ్ళిపోయాను. నా బుర్రంతా డబ్బా బ్యాటరీ మీదే ఉంది.

నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ మొహం కడుక్కునే వజూ ఎలా చేస్తామో తెలుసుగా. చేతులు మూడుసార్లు కడుక్కోవాలి. కడుక్కున్నాను. వట్టి నీళ్ళకి కారం ఎక్కడ పోతుంది! నోరు పుక్కిలించాను. ముక్కులోకి నీళ్ళు ఎక్కించాను. అప్పటికే ఏదో తేడా తెలుస్తోంది. ఆగొచ్చుగా? ఆగలేదు. దోసిళ్ళతో మొహం మొత్తం, కళ్ళు మూసి, బాగా రుద్ది మరీ కడిగాను.

యా అల్లా!

నమాజులో నిలబడ్డాను. కళ్ళల్లో పొయ్యి వెలిగించినట్టుంది. సజ్దాలో నుదురు ఆనిస్తే కింద చాప తడిసిపోతోంది. నమాజయ్యాక పక్కన కూర్చున్న పెద్దాయన మీరా బాబాయ్ నా భుజం పట్టుకున్నాడు.

"ఏం కష్టం వచ్చింది నాయనా? ఇంత ఏడ్చి అడిగినవాడికి దేవుడు కాదనడు."

"కష్టం కాదు బాబాయ్, కారం."

"చెప్పుకోలేకపోతే వద్దులే. అందరికీ ఉండేవే," అంటూ వీపు నిమిరాడు. ఆయన గొంతు కూడా బొంగురుపోయింది.

ఇంటికెళ్ళి పెరుగు రాసుకుందామంటే టైము లేదు. లేటయితే పద్మజ గారు ముందు మాట్లాడేస్తారు. అలాగే లైబ్రరీ మెట్లెక్కాను. అందరూ కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే ఇటు తిరిగారు. కళ్ళు మంకెన పూలు, ముక్కు ధార.

"ఏమైంది మాస్టారూ?" పద్మజ గారు లేచి నిలబడ్డారు.

"ఏం లేదమ్మా, కళ్ళల్లో కారం పడింది."

ఆవిడ నావైపు జాలిగా చూశారు. వెనక వరసలో ఎవరో గుసగుసలాడారు. "ఐదో పుస్తకం మళ్ళీ చదివినట్టున్నాడు. కారం అట!"

చూశారా? కళ్ళల్లో నలుసు పడిందని, ఉల్లిపాయ తరిగానని మనందరం ఎన్నిసార్లు అబద్ధమాడి ఉంటాం! నేను నిజం చెబితే అదీ ఆ లెక్కలోకే పోయింది.

నోట్సు తీశాను. నాలుగు పేజీలూ నీళ్ళలో నానినట్టు కనిపిస్తున్నాయి. ఒక్క అంకె కూడా తెలియడం లేదు. సరే, నోటితో చెబుదాం అనుకున్నాను. ముందు డబ్బా చచ్చిపోయే సీను ఉన్నదున్నట్టు చెప్పి, తర్వాత ఒక్కొక్క తప్పూ విప్పుతాను. బడిలో అలాగేగా చేస్తాం, తప్పు లెక్క బోర్డు మీద పూర్తిగా వేసి చూపించి, ఆ తర్వాత కొట్టేస్తాం.

"తొమ్మిదో లాంతరు ఆరిపోతోంది," అని మొదలుపెట్టాను. ముక్కు మూసుకుపోయి గొంతు బొంగురుగా వచ్చింది. "వెనక ఓడల్లో పిల్లా జెల్లా ఉన్నారు. దారి లేదు. డబ్బా తన గుండెల మీద మూత తీసింది. బ్యాటరీ బయటికి లాగి లాంతర్లో పెట్టింది. ఒంట్లో మిగిలిన శక్తి ఒక్క నిమిషానికే. కెప్టెనమ్మ చెయ్యి పట్టుకుని అడిగింది..."

ఇక్కడ కళ్ళు భగ్గుమన్నాయి. ఆపేశాను. రుమాలు తీసి తుడుచుకున్నాను. రుమాలుకీ కారమే! మధ్యాహ్నమంతా దాంతోనే చేతులు తుడుచుకున్నానాయె.

"అడిగింది... 'దారి కనిపిస్తోందా?' అని. ఆవిడ కనిపిస్తోంది అంది. 'అయితే చాలు' అంది డబ్బా."

హాల్లో ఎవరో ముక్కు చీదారు. ఇంకెవరో 'అయ్యో' అన్నారు. మసక మసకగా చూద్దును కదా, ముందు వరసలో ముగ్గురు కొంగులు కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు.

"ఇప్పుడు దీంట్లో తప్పులు చెబుతాను," అన్నాను. అంతే, తుమ్ములు పట్టుకున్నాయి. ఒకటి కాదు, రెండు కాదు. నీళ్ళందించి కుర్చీలో కూర్చోబెట్టారు.

"వద్దు మాస్టారూ, ఇంకేం చెప్పొద్దు," అన్నారు పద్మజ గారు. "మీరు చెప్పాక నేను వాదించడానికి ఏం మిగిలింది?"

ఓట్లు వేశారు. రెండో పుస్తకానికి ఒకటే ఓటు. అది నాది. నేను చెయ్యెత్తితే దాన్ని కూడా ఐదో పుస్తకంలో కలపబోయారు!

దిగేటప్పుడు పద్మజ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "మెట్లు కనిపిస్తున్నాయా మాస్టారూ?"

"ఆ, కనిపిస్తున్నాయి."

"అయితే చాలు," అన్నారు వెనక నుంచి ఎవరో. మళ్ళీ అందరూ ముక్కులు చీదుకున్నారు.

ఇంటికొచ్చాక నూర్జహాన్ నా కళ్ళ మీద పెరుగు గుడ్డ వేసి కూర్చోబెట్టింది. జరిగిందంతా చెప్పాను. సీను కూడా మళ్ళీ చెప్పాను, ఆవిడ వినలేదుగా మరి. అంతా విని, ఒకటే అడిగింది.

"నోట్సు కనపడలేదన్నారు. మరి నచ్చని పుస్తకంలో ముక్క అంత పొల్లుపోకుండా ఎలా వచ్చిందండీ?"

"తప్పులు పట్టడానికి ఐదారుసార్లు చదివాన్లే."

"ఐదారుసార్లా!" అంది. కళ్ళ మీద గుడ్డ ఉండబట్టి ఆవిడ మొహం చూడలేదు గానీ, నవ్వుతోందని తెలిసిపోయింది.

నిన్న పద్మజ గారు ఫోన్ చేశారు. కాలేజీ పిల్లలతో మొదటి రోజు ఆ సీను నేనే చదవాలట. "మొన్నటిలాగే చదవాలి మాస్టారూ, ఒక్క పిసరు తగ్గకూడదు." ఎంతమంది వస్తారని అడిగాను. హాలు నిండిపోతుందన్నారు. కాదనలేకపోయాను.

ఇవాళ పొద్దున మిరపకాయలన్నీ మిల్లుకి పంపించాం. గుప్పెడు కాయలు మాత్రం ఉంచమన్నాను.

"తాలింపులోకా?" అంది నూర్జహాన్.

"కాదు. ఆ రోజు ఏడుపు రాకపోతేనో?"