భిక్షపతి బిస్కెట్లు

దేవరకొండ బస్టాండు వెనక వడ్రంగం చేసే భిక్షపతి చెక్కలో ఇనుప మొల దిగగొట్టడు. కాళ్లావేళ్లా పడ్డా దిగగొట్టడు. ఏది చేసినా బిస్కెట్లతోనే అతుకుతాడు.

బిస్కెట్ అంటే చాయ్‌లో ముంచేది కాదు. బాదం గింజ ఆకారంలో, నొక్కి పలుచన చేసిన చెక్క బిళ్ల. రెండు పలకల అంచుల్లో మిషన్‌తో సన్నటి గాడి కోసి, జిగురు పూసి, బిళ్లను సగం ఇటు, సగం అటు దూర్చి బిగించాలి. బిళ్ల జిగురు తాగి, ఉబ్బి, రెండు పలకలనూ లోపల్నుంచి పట్టుకుంటుంది. భార్య కౌసల్య ఈ విద్యను ఇష్టపడి నేర్చుకోలేదు. భర్త అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా చెబుతుంటే చారుతోపాటు వంటబట్టింది.

ఆ మిషన్ హైదరాబాదు నుంచి వచ్చిన రోజు భిక్షపతి దానికి కొబ్బరికాయ కొట్టి బొట్టు పెట్టాడు. పెళ్లిలో తనకు బొట్టు పెట్టినప్పుడు ఆ చేతికి అంత భక్తి లేదని కౌసల్యకు బాగా గుర్తు.

పక్కింటి నర్సింగమ్మ చపాతీ పీట చేసిపెట్టమంటే, ఒక్క పలకతో అయ్యేదాన్ని రెండుగా కోసి, బిస్కెట్లు పెట్టి మళ్లీ ఒకటి చేశాడు. ముందే ఒకటిగా ఉన్నదాన్ని ఎందుకు కోశావని ఆమె అడిగితే, అప్పుడది ఉత్త చెక్క, ఇప్పుడిది పనితనం అన్నాడు. ఎలుకల బోను కూడా అలాగే చేశాడు. అది ఎంత బాగా కుదిరిందంటే ఎలుకలు అందులో కాపురం పెట్టి పిల్లల్ని కన్నాయి.

ఇంతవరకు కౌసల్య నోటితోనే సరిపెట్టింది. ఒకనాడు ఆయన బాత్రూం ద్వారం ఇరుకుగా ఉందని చౌకట్టు ఊడబెరికి, గోడ చెక్కి, వెడల్పాటిది నిలబెట్టాడు. తలుపుకు ఇంకో పలక అతికిస్తానని దుకాణానికి మోసుకుపోయాడు. ద్వారానికి దుప్పటి వేలాడింది. మన ఇంట్లో ఏనుగు స్నానం చేస్తుందా అని ఆమె అడిగితే, ఆయన మిషన్ తుడవడం మొదలుపెట్టాడు. స్నానానికి పోయినవాళ్లు లోపలున్నట్టు తెలియడానికి పాటలు పాడుకోవాల్సి వచ్చింది. తలుపు ఎప్పుడొస్తుందని కౌసల్య నిలదీసింది.

"బిస్కెట్ జిగురు తాగుతాంది. జర ఆగు," అన్నాడు భిక్షపతి.

"నువ్వు గూడ ఇంత తాగరాదా? గప్పుడన్న ఇల్లు వట్టుకొని ఉంటవు."

మరునాడు ఆయన పనిమీద అచ్చంపేట పోగానే కౌసల్య, మిషన్ అమ్మేస్తాను, వచ్చి చూసుకొమ్మని ఫర్నిచర్ దుకాణం సతీశ్‌కు ఫోన్ చేసింది. సతీశ్ కంటే ముందు ఇంటి ముందుకు ఆటో వచ్చింది.

దిగింది గోపమ్మ, భిక్షపతి అక్క. మర్రిగూడ దగ్గరి పల్లెలో ఉంటుంది. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లకు ఆమె మోకాళ్లు బిగుసుకుపోయాయి. తమ్ముడి గృహప్రవేశానికి రాలేదు, మేనకోడల్ని తొట్టెలలో వేసిన పండక్కీ రాలేదు. కాళ్ల నొప్పులు అందరికీ ఉండేవే, ఇంత పొగరు మాత్రం ఈ ఆడబిడ్డకే ఉందని కౌసల్య ఇన్నేళ్లూ అనుకుంది.

ఆటోవాడు వెనకనుంచి దుప్పటి కప్పిన కుర్చీని దించాడు. దుప్పటి జారింది. టేకు కుర్చీ. అంచులు నున్నగా ఉన్నాయి. కూర్చునేచోట నడుమ గుండ్రంగా బొక్క ఉంది. ఇదేమిటని కౌసల్య అడిగితే గోపమ్మ ఇంట్లోకి వచ్చాకే చెప్పింది.

"నాకు గొంతుకూసునరాదు బిడ్డా. ఎవలింటికన్న వోతే దొడ్డికి ఎట్ల వోవాలెనని ఏడికి రాకపోతి. ముందుగాల సంతల ఒక కుర్చీ కొన్న. నీళ్లకు మొలలు తుప్పువట్టి పైకి లేసినయి, కూసుంటే చీరుతుండె. తమ్ముడు జూసి, మొల లేకుంట చేస్తనని గా మిషిన్ కొన్నడు. ఎవలికి జెప్పద్దని నేనే ఒట్టేయించుకున్న. సిగ్గు గాదా. ఇప్పుడు మీ బాత్రూంల గీ కుర్చీ పడ్తది, రా అక్కా అన్నడు."

ఒక్క కుర్చీ కోసం ఇంత మిషన్ ఎందుకని ఎవరూ అడగకూడదని ఆ మనిషి ఊరంతటికీ బిస్కెట్లు పెట్టాడని కౌసల్యకు అప్పుడర్థమైంది. ఇంత తెలివి ఉన్నవాడు ఇంటికి అక్క వస్తోందన్న ముక్క చెప్పలేదని కూడా అర్థమైంది. సతీశ్ వస్తే, మిషన్ అమ్మడం లేదని చాయ్ ఇచ్చి పంపేసింది.

భిక్షపతి అచ్చంపేట నుంచి వచ్చి, అక్కనూ భార్యనూ ఒకే మంచం మీద చూసి గడపలోనే ఆగిపోయాడు. పోయి తలుపు పట్టుకురమ్మంది కౌసల్య. జిగురు మాట ఎత్తకుండా ఆయన దుకాణానికి పోయి తెచ్చాడు.

తలుపు బిగిస్తుండగా నర్సింగమ్మ వచ్చి కుర్చీ చుట్టూ తిరిగింది. కొత్త కుర్చీకి నడుమ గింత బొక్క ఎందుకని అడిగింది. గోపమ్మ తల దించుకుంది.

"మా ఆయన పని నీకు తెల్వనిదా నర్సింగమ్మా," అంది కౌసల్య. "మిషిన్ చేజారింది."

జోడింపులో వెంట్రుకంత తేడా వస్తే అన్నం ముట్టని భిక్షపతి గిర్రున తిరిగాడు. నోరు తెరిచాడు. అక్క వైపు చూశాడు, భార్య వైపు చూశాడు.

"ఔ," అన్నాడు. "జారింది."